ట్రంపెట్‌ను కోయించే ముందు ఒక్కమాట

చర్చిలో గిటార్ల వాళ్ళు ఎప్పుడూ ఈ (E) మేజర్, ఏ (A) మేజర్ స్కేళ్ళలోనే పాట ఎత్తుకుంటున్నారు, నా బి ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం కోయించి ఒక స్వరం పైన పలికే సి ట్రంపెట్ చేసుకోవచ్చా అని మీరు అడిగారు. దయచేసి కోయించకండి. నేను కోయించి బాధపడ్డాను. మా మామయ్య పెళ్ళి బ్యాండులో ఏళ్ళ తరబడి వాయించి నాకిచ్చిన ట్రంపెట్ అది.

చెన్నై పెరంబూరులో మా తెలుగు చర్చిలోనూ ఇదే ఇబ్బంది. బి ఫ్లాట్ ట్రంపెట్ గొట్టం మొత్తం చాపితే దాదాపు 148 సెంటీమీటర్లు. సి కావాలంటే సుమారు 16 తగ్గాలి. రిపేరు షాపులో శుభ్రంగానే కోసి టంకం పెట్టి ఇచ్చారు. వాల్వులు (వేళ్ళతో నొక్కే మీటలు) నొక్కకుండా ఊదితే సి, జి చక్కగా పలికాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆదివారం పాట మొదలయ్యాక మొదటి వాల్వు నొక్కితే స్వరం ఉండాల్సిన దానికన్నా కిందికి దిగిపోయింది, మూడోది నొక్కితే ఇంకా ఎక్కువ.

కారణం నాకు తర్వాత తెలిసింది. వాల్వు నొక్కితే గాలి ఒక అదనపు గొట్టం చుట్టి వస్తుంది. ఆ గొట్టం పొడవు పెద్ద గొట్టానికి తగ్గ నిష్పత్తిలో ఉండాలి. మొదటి వాల్వుకు బి ఫ్లాట్‌లో సుమారు 18 సెంటీమీటర్లు కావాలి, సి అయితే 16 చాలు. మూడోదానికి 28 బదులు 25. ఆ అదనపు గొట్టంలో లోపలికీ బయటికీ జరిగే ముక్కే వాల్వు స్లైడు. దాన్ని బయటికి లాగితే పొడవు పెరుగుతుంది, కానీ పూర్తిగా లోపలికి నెట్టేశాక ఇక తగ్గించే దారి లేదు. అంటే మూడు స్లైడ్లూ కోయాలి.

అంత చేసినా మీ కష్టం పూర్తిగా తీరదు. బి ఫ్లాట్ ట్రంపెట్ మీద ఈ మేజర్ పాటకు ఆరు షార్పులు (అర స్వరం పెంచి వాయించాల్సినవి), ఏ మేజర్‌కు అయిదు. అవి ఎన్ని ఎక్కువైతే వేళ్ళకు అంత కష్టం. సి ట్రంపెట్ మీద నాలుగు, మూడు. అదే బి ఫ్లాట్ ట్రంపెట్‌ను కోయకుండా అర స్వరం దించి ఏ (A) శ్రుతికి తెస్తే, ఏ మేజర్ పాటను షార్పులే లేని సి స్కేలులాగా, ఈ మేజర్ పాటను ఒక్క షార్పే ఉన్న జి స్కేలులాగా వాయించవచ్చు. మీకు కావలసింది ఇదే!

దీనికి కోత అక్కర్లేదు. పెద్ద గొట్టం దాదాపు 9 సెంటీమీటర్లు పెరగాలి. మొత్తం శ్రుతిని సరిచేసే మెయిన్ స్లైడు యు ఆకారంలో ఉంటుంది కాబట్టి ఒక్కో కాలు నాలుగున్నర సెంటీమీటర్లు పొడవైతే చాలు. ఉన్న స్లైడునే అంత బయటికి లాగితే లోపల పట్టు తగ్గి ఊగుతుంది, గాలి కారుతుంది. అందుకే కాళ్ళు పొడవుగా ఉన్న రెండో మెయిన్ స్లైడు ఒకటి విడిగా చేయించండి. పాత కార్నెట్లను (ట్రంపెట్ లాంటి పొట్టి వాయిద్యాలను) ఇలా బి ఫ్లాట్, ఏ (A) శ్రుతులు రెండింటికీ సరిపడా అమ్మేవారు. రెండో ట్రంపెట్‌కు నేను చేయించుకున్నది ఇదే.

ఆ స్లైడు పెట్టినప్పుడు వాల్వు స్లైడ్లూ కొద్దిగా లాగాలి: మొదటిది అర సెంటీమీటరు, రెండోది పావు, మూడోది ముప్పావు పైన. సరైన చోట పెన్సిలుతో గీత పెట్టుకోండి. ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) చూసే ముందు అయిదు నిమిషాలు ఊదండి, చల్లని ఇత్తడి శ్రుతి కిందే పలుకుతుంది. మీ చర్చిలో ఏసీ ఉంటే ఇది మరీ ముఖ్యం.