మాల్దీవుల్లో నాలుగేళ్లు ఉండి చూసినది

చిన్న ద్వీపదేశం పర్యావరణాన్ని కాపాడుకుంటూ ఆర్థికంగా ఎదగడం సాధ్యమేనా అని అడిగారు. మాల్దీవుల్లో, రాజధాని మాలేకు దూరంగా ఉన్న ఒక దీవిలో నాలుగేళ్లు గణితం బోధించాను. అక్కడ ఈ రెండూ వేరువేరు పద్దులు కావని నాకు అనిపించింది.

ఆ దేశపు రాబడి ఎక్కడిదని వెతికితే చివరికి పగడపు దిబ్బ దగ్గరే తేలుతుంది. పర్యాటకులు వచ్చేది దాన్ని చూడటానికే. అక్కడివారు ట్యూనాను గాలపు కర్రలతో ఒక్కొక్కటిగా పడతారు. వాటిని పడవ చుట్టూ మూగించేందుకు నీళ్లలో చల్లే బతికున్న ఎర చేపలు ఆ దిబ్బల చాటునే దొరుకుతాయి. తీరంలోని తెల్లటి ఇసుకలో చాలా భాగం పగడాన్ని కొరికి తినే చిలుకచేపలు విసర్జించినదే (దీన్ని నేను మొదట నమ్మకపోతే నా విద్యార్థులు నవ్వారు). నేలలో ఎనభై శాతం దాకా సముద్రమట్టానికి మీటరు ఎత్తయినా లేని ఆ దేశంలో, అలల తాకిడిని ముందుగా భరించేదీ ఆ దిబ్బే.

ఈ సంగతి పాలకులకు తెలియదని అనలేం. 2010లో సొరచేపల వేటను పూర్తిగా నిషేధించారు. 2015లో రిసార్టుల్లో బస చేసే పర్యాటకులపై రోజుకు ఆరు డాలర్ల హరిత పన్ను విధించి, 2025లో దాన్ని రెట్టింపు చేశారు. అయితే నా అభిప్రాయంలో అసలు ఇబ్బంది రిసార్టుల్లో కంటే జనం నివసించే దీవుల్లోనే ఉంది. మా దీవి కొసన చెత్తను కుప్పపోసి కాల్చేవారు. గాలి మళ్లిన రోజుల్లో పొగ తరగతి గదిలోకి వచ్చేది. చెత్తను తరలించే పడవ ఎప్పుడు వస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయేవారు.

ఇక సముద్రాన్ని పూడ్చి నేల చేసే పని. దీన్ని గుడ్డిగా తప్పుపట్టలేను, ఎందుకంటే మాలేలో ఇరుకు గదుల్లో బతికే కుటుంబాలను చూసినవారెవరైనా దాని పక్కనే 1997లో పూడిక మొదలైన హుల్హుమాలే అనే కృత్రిమ దీవి అవసరమేనని ఒప్పుకుంటారు. కానీ డ్రెడ్జర్ తోడిపోసిన ఇసుకలోని సన్నటి ఒండ్రు నీళ్లలో తేలివెళ్లి, చుట్టుపక్కల పగడాలపై పేరుకొని వెలుతురును అడ్డుకుంటుంది. కాబట్టి కొత్త నేల ఖరీదును లెక్కగట్టేటప్పుడు దిబ్బకు కలిగే నష్టాన్నీ అందులో కలపాలి. మా దీవి పక్కన పూడిక జరిగిన మరుసటి ఏడాది నుంచి, నాకు తెలిసిన ఒక సరంగు ఎర చేపల కోసం అరగంట అదనంగా ప్రయాణించవలసి వచ్చేది. ఆ డీజిల్ ఖర్చు పోగా మిగిలినదాన్నే పడవవారందరూ వాటాలు వేసుకునేవారు.