గీజర్ ఖాళీ చేద్దామంటే నీళ్లు దిగట్లేదా? ముందు వేడినీళ్ల కుళాయి తిప్పండి

మీది నరసాపురం, 25 లీటర్ల గీజర్ అన్నారు. చన్నీళ్లు బాగానే వస్తున్నాయి, వేడినీళ్లు మాత్రం సన్నగా దారంలా వస్తున్నాయి, కడుగుదామని కింద విప్పితే రెండు చెంబులు కారి ఆగిపోయాయి అని రాశారు. పాలకొల్లు దగ్గర మా ఇంట్లో పోయిన చలికాలం అచ్చం ఇలాగే అయిందండి. చూసిన ప్లంబర్ ప్రెజర్ పంపు పెట్టించుకోమన్నాడు. మీరు మాత్రం అప్పుడే పంపు కొనేయకండి.

గీజర్‌లో వేడినీళ్లు వాటంతట అవి బయటికి రావు. అడుగు నుంచి చన్నీళ్లు లోపలికొచ్చి తోస్తేనే పైనున్న వేడినీళ్లు బయటపడతాయి. ఎంత లోపలికొస్తే అంతే బయటికి. డాబా మీద ట్యాంకు గీజర్‌కి 3 మీటర్ల ఎత్తున ఉంటే వచ్చే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. అంత తక్కువ ఒత్తిడికి దారిలో చిటికెడు గార, అంటే నీళ్లలోంచి దిగి గట్టిపడే సున్నంలాంటి తెల్లటి పొర, అడ్డుపడినా చాలు. పక్కనే చన్నీళ్ల కుళాయి బాగా వస్తోందంటే మీ ట్యాంకు తప్పేం లేదు.

ముందు ఎంసీబీ (కరెంటు బోర్డులో గీజర్ లైనుకి ఉండే బ్రేకర్) ఆపండి, గోడ మీద స్విచ్ ఒక్కటే ఆపితే సరిపోదు. నీళ్లు చల్లారనివ్వండి. నేను రాత్రి ఆపి పొద్దున మొదలుపెట్టాను. చన్నీళ్ల వాల్వ్ కట్టేసి, గీజర్‌కి వచ్చే కనెక్షన్ పైపు విప్పి, బకెట్లో పెట్టి వాల్వ్ తిప్పండి. ధారగా వస్తే అక్కడిదాకా బాగున్నట్టే. మళ్లీ బిగించి, ఈసారి వేడినీళ్ల వైపు పైపు విప్పి చూడండి. అక్కడ బాగా వస్తే అడ్డు గోడలోని పైపులోనో, వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే మిక్సర్ కుళాయిలోనో ఉంది. సన్నగా వస్తే గీజర్‌లోనో, చన్నీళ్లు లోపలికెళ్లే చోట బిగించిన సేఫ్టీ వాల్వ్‌లోనో (లోపల ఒత్తిడి పెరిగితే నీళ్లు వదిలేది) ఉంది. మాకు సేఫ్టీ వాల్వ్‌లో దొరికింది. విప్పి వెలుతురుకి పట్టి చూస్తే లోపలి స్ప్రింగు కనపడనంతగా తెల్లగా పేరుకుపోయింది, గోటితో గీకితే గుడ్డు పెంకుల్లా రాలింది. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లలో నానబెట్టి చూశాను గానీ స్ప్రింగు బిగుసుకుపోయింది, కొత్తది వేశాం. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం గీజర్‌లో పోయకండి, ట్యాంకు పాడవుతుంది.

ఇక నీళ్లు దిగకపోవడం. అన్నీ కట్టేసి అడుగున విప్పితే పైనుంచి గాలి వెళ్లే దారి లేక నీళ్లు లోపలే నిలబడిపోతాయి. అందుకని బాత్రూంలో వేడినీళ్ల కుళాయి తిప్పి ఉంచాలి. మిక్సర్ అయితే పిడి పూర్తిగా వేడి వైపుకి తిప్పండి. నేను తిప్పగానే కుళాయి గుడగుడమని గాలి పీల్చుకుంది, ఆ వెంటనే కింద బకెట్లో ధార కట్టింది. ఇంకో సంగతి, సేఫ్టీ వాల్వ్ నీళ్లని వెనక్కి పోనివ్వదు. దానికున్న చిన్న పిడి ఎత్తి ఉంచితే పక్క రంధ్రంలోంచి దిగుతాయి, లేదా వాల్వ్‌నే విప్పేయాలి. చివరి రెండు లీటర్లు గంజిలా తెల్లగా వచ్చాయి. అవి తేరేదాకా రెండు మూడుసార్లు నింపి వదిలాను.

ఇంత గార ఎందుకంటే, మన దగ్గర ఎండాకాలం కాలవలు కట్టేస్తే బోరు నీళ్లే గతి. రొయ్యల చెరువుల చుట్టుపక్కల ఆ బోర్లు ఉప్పు, కాఠిన్యం (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం) కూడా ఎక్కువే. మా ఇంట్లో పంచాయతీ నీళ్లూ బోరు నీళ్లూ ఒకే ట్యాంకులో కలిసేవి. కాఠిన్యం ఉన్న నీళ్లని ఎంత కాగబెడితే అంత గార దిగుతుంది కాబట్టి థర్మోస్టాట్‌ని 55 డిగ్రీల దగ్గర పెట్టాను. ఇప్పుడు గీజర్‌కి పంచాయతీ నీళ్లే వెళ్లేలా వేరే చిన్న ట్యాంకు కూడా పెట్టించాం.

మళ్లీ నింపేటప్పుడు వేడినీళ్ల కుళాయి చిమ్మడం మానేసి నిండు ధారగా వచ్చేదాకా ఎంసీబీ వేయకండి. నీళ్లు లేకుండా వేస్తే ఎలిమెంట్ కాలిపోతుంది. వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడితే కంగారుపడి ఆ రంధ్రం మూసేయకండి, వేడికి వ్యాకోచించిన నీళ్లే అవి. గీజర్ ఆపేశాక కూడా ఆగకుండా కారుతుంటే అప్పుడు వాల్వ్ మార్చండి.