పోర్టల్ ఆడినవారికి పోర్టల్ 2 ఎలా ఉంటుంది?

ప్రశ్న: సెలవుల్లో పోర్టల్ అనే కంప్యూటర్ పజిల్ ఆటను పూర్తిచేశాను, ఎంతో నచ్చింది. రెండో భాగం కొందామనుకుంటే, అది మొదటిదానికన్నా తేలికగా ఉంటుందని, అందులో పజిల్స్ తక్కువ, కథ ఎక్కువ అని కాలేజీ మిత్రులు అంటున్నారు. కొనవచ్చా?
– ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నిస్సందేహంగా కొనండి. మీ మిత్రుల మాటలో కొంత నిజం లేకపోలేదు. 2007లో వాల్వ్ సంస్థ ‘ఆరెంజ్ బాక్స్’ సంకలనంలో భాగంగా విడుదల చేసిన మొదటి ఆటకు ఒకే ఒక్క ఊహ ఆధారం: రెండు చోట్ల ద్వారాలు తెరిచి, ఒకదానిలో దూరి రెండోదానిలోంచి బయటపడటం, దూరినప్పటి వేగంతోనే బయటికి రావటం. ఎత్తు నుంచి నేలమీది ద్వారంలోకి దూకి, గోడలోంచి దూసుకువచ్చి అగాధాన్ని దాటిన క్షణం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క ఊహనే 19 గదుల్లో రకరకాలుగా పరీక్షించి, విసుగు పుట్టకముందే ఆటను ముగించారు. ఆ బిగువు రెండోదానిలో లేదు.

2011 ఏప్రిల్‌లో వచ్చిన పోర్టల్ 2లో లేజర్ కిరణాలు, నడవగలిగే కాంతి వంతెనలు, మనిషిని గాలిలో మోసుకుపోయే సొరంగాలు, గోడలకూ నేలకూ పూసే జెల్‌లు చేరాయి. వీటిలో లేజర్‌ను నేను పెద్ద మెరుగుదలగా భావిస్తాను. మొదటి ఆటలో యంత్రాలను నడపడానికి ఒక గూటిలోకి చేర్చవలసిన, గోడలకు తగిలి ఎగిరే శక్తి గోళం కాసేపటికే పేలిపోతుంది, మనకు తగిలితే ప్రాణం తీస్తుంది; కాబట్టి జవాబు తెలిసినా, చేతి వేగం కుదరక మళ్లీ మళ్లీ ప్రయత్నించవలసి వచ్చేది. అదే పని చేసే లేజర్ మాత్రం ఆగకుండా ప్రసరిస్తూ ఉంటుంది, కటకం అమర్చిన పెట్టెతో దాన్ని కావలసిన వైపు మళ్లించవచ్చు. ఆలోచన తేలితే పని అయినట్టే. దీన్ని తేలిక అనడం న్యాయం కాదు.

ఆట నిజంగా పలచబడేది నడిమి భాగంలో. భూగర్భంలోని పాత ప్రయోగశాలలో ద్వారం తెరవడానికి పనికొచ్చే తెల్లని గోడ ఎక్కడో ఒక మూల మాత్రమే ఉంటుంది; దాన్ని వెతికి పట్టుకుంటే చాలు, పజిల్ విడిపోతుంది. అయితే అక్కడే జెల్‌లు పరిచయమవుతాయి. నీలం రంగు జెల్ మనల్ని ఎగరేస్తుంది, నారింజ రంగుది వేగం పెంచుతుంది, తెల్లది పడిన చోటల్లా ద్వారం తెరవవచ్చు. ఆ తెల్ల జెల్‌ను దేనితో తయారుచేశారో కథలో చెప్పే మాటను మరచిపోకండి, చివర్లో పనికొస్తుంది.

ద్వారాల ఊహ, జెల్‌ల ఊహ రెండూ అమెరికాలోని డిజిపెన్ సంస్థ విద్యార్థులు చదువుకునే రోజుల్లో చేసిన చిన్న ఆటల నుంచి వచ్చినవే. ఇక కష్టం చాలలేదనిపిస్తే, 2012లో చేర్చిన పజిల్ తయారీ సాధనంతో ఆటగాళ్లు రూపొందించిన గదులు లెక్కలేనన్ని ఉన్నాయి.

ప్రశ్న: మా అన్నయ్య గుంటూరులో, నేను విజయవాడలో ఉంటాం. పోర్టల్ 2ను ఇద్దరం కలిసి ఆడవచ్చా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఇంటర్నెట్ ద్వారా ఆడవచ్చు, కానీ ఎవరి కంప్యూటర్‌కు వారు ఆటను కొనాలి. పండక్కి ఒకే ఇంట్లో కలిసినప్పుడు, కంట్రోలర్లు ఉంటే తెరను రెండుగా విడదీసుకుని కూడా ఆడుకోవచ్చు. మొదటి ఆటలో ఈ సౌకర్యమే లేదు, రెండోది స్పష్టంగా పైచేయి సాధించేది ఇక్కడే. ఇద్దరూ చెరొక రోబో అవుతారు, చెరి రెండు ద్వారాలతో మొత్తం నాలుగవుతాయి. మీరు అన్నయ్య ద్వారంలోంచి వచ్చే కాంతి వంతెన మీద నిలబడి ఉండగా ఆయన తన ద్వారాన్ని పొరపాటున మార్చారంటే, వంతెన మాయమై మీరు కింద పడతారు! అందుకే ఎక్కడ తెరవాలో వేలెత్తి చూపే గుర్తును, ఇద్దరూ ఒకేసారి కదలడానికి అంకెలు లెక్కపెట్టే గడియారాన్ని ఆటలోనే ఇచ్చారు.

అన్నయ్య ఇంతకుముందే వేరొకరితో ఆడి ఉంటే, జవాబు ముందే చెప్పవద్దని గట్టిగా మాట తీసుకోండి. ఈ జంట ఆటలోని కథ ఒంటరి ఆట ముగిసిన తరువాత జరిగేది కనుక, ముందు ఎవరికి వారు దాన్ని పూర్తిచేసి రావడం మంచిది.