నల్లమలలో నడకదారి: కొత్తగా తవ్వొద్దు, ఉన్నవి కలపండి

ప్రశ్న: మాది అచ్చంపేట. ఉమామహేశ్వరం గుట్టల నుంచి కృష్ణ దాకా, రోజుల తరబడి నడిచేలా ఒక ట్రెక్కింగ్ దారి వేయాలని మా దోస్తులం అనుకుంటున్నాం. బయటి దేశాల్లో అంత పొడుగు దారులు ఎట్లా వేశారు? జేసీబీతో కొంత మేర చదును చేయిస్తే సరిపోతుందా? ముందు ఎవరిని కలవాలి?

జవాబు: జేసీబీ మాట ఇక్కడితో మర్చిపోండి. మీరు గొప్పగా చెప్పుకునే ఆ దారుల్లో చాలావరకు పాత బాటలను వెతికి కలిపినవే. టర్కీలో 500 కిలోమీటర్లకు పైగా సాగే లిసియన్ వేనే తీసుకోండి, కేట్ క్లో అనే ఆవిడ పాత రోమన్ రోడ్లను, గొర్రెల కాపరుల బాటలను ఒకదానికొకటి అతికించి, రాళ్ల మీద ఎరుపు తెలుపు గుర్తులు వేయించి 1999లో తెరిచారు. అమెరికాలో అప్పలాచియన్ ట్రెయిల్ దాదాపు 3,500 కిలోమీటర్లు. బెంటన్ మెకే 1921లో ఆలోచన చెబితే 1937కి గానీ పూర్తి కాలేదు. నడక క్లబ్బుల వాళ్లు తలా కొంత దూరం పంచుకుని చేశారు, ఇప్పటికీ పడిన చెట్లు తీసేదీ, గుర్తులకు రంగు వేసేదీ ఎక్కువగా వాలంటీర్లే. కాబట్టి మీ దగ్గర డబ్బు ఎంతుందని కాదు, పదేళ్ల తర్వాత కూడా ఆ దారిని చూసుకునే మనుషులు ఎంతమంది ఉన్నారని ముందు లెక్క వేసుకోండి.

ఇక మన నల్లమల. బాటలు లేక కాదు. శివరాత్రికి శివస్వాములు మన్ననూరు మీదుగా శ్రీశైలం నడిచి పోతారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు ‘వస్తున్నం లింగమయ్యా’ అంటూ వేలమంది లోయలోకి దిగుతారు, కొన్నిచోట్ల ఒక పక్క బండ, ఒక పక్క లోయ, మధ్యలో మనిషి పట్టేంత జాగా, ఎదురొచ్చే వాళ్ల కోసం బండకు ఆనుకుని నిలబడాలి. అక్కడి పూజారులు చెంచులే. పెంట, అంటే చెంచుల గూడెం; పెంట నుంచి పెంటకు రోజూ తిరిగే వాళ్లకు ఏ వాగులో చెలిమె తీస్తే నీళ్లు పడతాయో, బండల్లో నీళ్లు నిలిచే ఏ దొన ఎప్పుడు ఎండుతుందో తెలుసు. రోజుకు ఎంత నడవాలనేది మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి కాదు, నీళ్లు ఎక్కడున్నాయో చూసి తేల్చాలి, కాబట్టి మీరు మొదట కూర్చోవాల్సింది చెంచు పెద్దల దగ్గర. వాళ్ల గ్రామసభ ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేయండి. వాళ్లను సామాన్లు మోసే కూలీలుగా కాకుండా దారికి యజమానులుగా పెట్టుకోండి, గైడ్ డబ్బులు, రాత్రి బస డబ్బులు నేరుగా పెంటకే చేరాలి.

రెండోది అటవీ శాఖ. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, కోర్ (పులుల కోసం వదిలిన నడిమి అడవి), బఫర్ (దాని చుట్టూ ఉన్న అడవి) కలిపి 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. అనుమతి లేకుండా లోపల నడిస్తే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. నన్నడిగితే, కోర్ మధ్య నుంచి దారి అసలు అడగొద్దు. పులి తిరిగే చోట రాత్రి టెంట్లు, పొయ్యిలు ఎందుకు? ఎండాకాలంలో ఆ ఎండుటాకుల్లో ఒక్క నిప్పురవ్వ చాలు. ఉమామహేశ్వరం నుంచి అడవి అంచునే ఊరూరూ కలుపుకుంటూ పోండి, పడుకోవడం ఊళ్లలోనే పెట్టుకోండి. లోపలికి వెళ్లే చిన్న ముక్కలు మాత్రం శాఖ చెప్పిన రోజుల్లో, చెంచు గైడ్‌తో, పగటిపూటే. దూరం పెరుగుతుంది, పెరగనివ్వండి.

ప్రశ్న: దేవరకొండ పక్కన మా ఊరి గుట్టకు పిల్లలమంతా కలిసి బాట చేశాం. రెండు వానలకే కోసుకుపోయి మోరీలా అయింది. ఏం చేయాలి?

జవాబు: నిట్టనిలువుగా పైకి వేసుంటారు. అట్లా వేస్తే వాన నీళ్లన్నీ మీ బాటలోకే దిగుతాయి. గుట్ట వాలుకు అడ్డంగా, వంపులు తిప్పుతూ వేయండి. పది అడుగుల నడకకు ఒక అడుగు కంటే ఎక్కువ ఎక్కకూడదు, బాట వాలు గుట్ట వాలులో సగానికి మించీ ఉండకూడదు. లోయ వైపు అంచు కాస్త పల్లంగా ఉంటే నీళ్లు అడ్డంగా దాటి పోతాయి, అక్కడ మట్టికట్ట మాత్రం పోయొద్దు. అయినా నీళ్లు బాట వెంట పారే చోట పెద్ద రాళ్లను ఏటవాలుగా, సగానికి పైగా నేలలో పాతండి. ఎక్కడెక్కడో తెలియాలంటే ఈసారి జోరువానలో, ఉరుములు లేనప్పుడు, గొడుగేసుకుని బాట వెంట నడవండి, నీళ్లు బాటలోకి దిగే ప్రతి చోటా ఒక కట్టె పాతి పెట్టుకోండి, నేల ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తవ్వండి.