కొబ్బరి తర్వాత పెడుదువు, ముందు వెంపలి చల్లు

ఒరేయ్ అల్లుడూ,

రొయ్యల చెరువు పూడ్పించి వెంటనే కొబ్బరి పెట్టేస్తానని నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది. ఆ మట్టిలో ఇప్పుడు ప్రాణం లేదురా. కొబ్బరి రెండేళ్లు ఆపి, నేలకి సత్తువ రావడానికి ముందు వెంపలి చల్లు. వెంపలి చెట్లకి నిచ్చెనలేసే మనుషులొస్తారని మన ముసలాళ్లు అనేవాళ్లే, మోకాలెత్తు ఆ మొక్కే. గుర్తుపట్టడం తేలిక, ఆకు కొస పట్టుకుని లాగితే అడ్డంగా కాకుండా చేపతోకలా తెగుతుంది, చిన్నప్పుడు మాకదో ఆట.

అయితే చేనంతా చల్లకు. అక్కడే నేను దెబ్బతిన్నాను. చెరువు అడుగున, ఉప్పు తెల్లగా పేరుకున్న చోట కూడా చల్లేశాను, మొదటి ముసురుకి నీళ్లు నిలిచి వారంలో కుళ్లిపోయింది. వెంపలికి ఇసుక కావాలి, నీరు నిలవకూడదు. కాబట్టి గట్లమీదా, ఇసుక తోలి ఎత్తు చేసిన చోటా వెంపలి. పల్లంలో మాత్రం ముందు వాన నీరు, కాలువ నీరు నిలబెట్టి మురుగు కాలువలోకి వదులుతూ ఉప్పు కడిగి, అక్కడ జీలుగ వెయ్యి, అదీ పచ్చిరొట్ట మొక్కే, తడినీ చౌడునీ తట్టుకుంటుంది.

గింజ పైతొక్క మహా గట్టిది, అలాగే చల్లితే నెలల తరబడి భూమిలో పడుంటుంది తప్ప మొలవదు. గరుకు ఇసుక కలిపి రోట్లో మెల్లగా నూరు, నలగకూడదు, పైన గీతలు పడితే చాలు. ఎకరానికి ఎనిమిది కిలోలు, తొలకరి పదునులో. మొదటి రెండు నెలలూ గడ్డి దాన్ని మింగేసేలా కనిపిస్తుంది, కంగారుపడి దున్నెయ్యకు, అది ముందు వేరు దింపుకుంటుంది. పశువులు కూడా పెద్దగా ముట్టవు, కంచె ఖర్చు తప్పుతుంది.

పూత మొదలయ్యాక ఒక మొక్క పీకి వేరు చూడు. బుడిపెని గోటితో చీలిస్తే లోపల ఎర్రగా ఉండాలి, అప్పుడే గాలిలో నత్రజని పట్టి నేలకి ఇస్తున్నట్టు. బుడిపెలే లేకపోతే పాత వెంపలి ఉన్న చోటి మట్టి రెండు తట్టలు తెచ్చి చల్లు. బాగుంటే పూత మీదే కలియదున్ను, గట్లమీద మాత్రం కదపకు, వేరు గట్టుని పట్టుకుంటుంది, రాలిన గింజే మళ్లీ మొలుస్తుంది. యూరియా బస్తా కొనేది తర్వాత చూద్దువులే.

విత్తనం కొనకు. మా దొడ్డి వెనక కాయలు ముదిరాయి, తెల్లారేసరికి వచ్చి కోసుకుపో, ఎండెక్కితే చిట్లిపోతాయి.

మీ మావయ్య