నాన్న పోయినా కన్నీళ్లు రాలేదు.. నేను బండరాయినా డాక్టర్ గారూ?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది నారాయణపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు అమ్మానాన్న మేస్త్రీ వెంట బొంబాయి పనులకు పోతుండేవారు, నేను అవ్వ దగ్గర పెరిగాను. ఇప్పుడు జడ్చర్లలో కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. భార్య ఏడిస్తే అక్కడ ఉండలేను, బండి తీసుకుని బయటికి వెళ్లిపోతాను. పోయినేడు నాన్న చనిపోతే ఏడుపు రాలేదు. 'నువ్వేం కొడుకువిరా' అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. అమ్మ వదిలేసి పోవడం వల్లే ఇలా అయ్యానా? మాత్రలేమైనా ఉన్నాయా?
- ఓ పాఠకుడు

జవాబు: ముందు మాత్రల సంగతి చెప్పేస్తాను. మనసులో మాట బయటికి రావడానికంటూ మాత్ర లేదు. కానీ నిద్ర, ఆకలి తగ్గి, దేని మీదా మనసు పోకుండా రెండు వారాలకు పైగా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి మంచి మందులున్నాయి. మీ ఉత్తరంలో ఆ వివరాలు లేవు, కాబట్టి ఇక్కడ కూర్చుని మీకు జబ్బు పేరు పెట్టను.

ఇక బండరాయి మాట. అమెరికాలోని బాల్టిమోర్‌లో మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకురాలు ఏడాది వయసు పిల్లలను తల్లితో పాటు ఒక గదిలో ఉంచి, తల్లి కాసేపు బయటికి పోయి తిరిగొస్తే వాళ్లేం చేస్తారో గమనించారు. ఆ వివరాలు 1978లో పుస్తకంగా వచ్చాయి. చాలామంది ఏడ్చి, తల్లి రాగానే చంకెక్కి ఊరుకున్నారు. కొందరు మాత్రం తల్లి పోయినా పట్టించుకోలేదు, వచ్చినా మొహం తిప్పుకుని బొమ్మలతో ఆడుకున్నారు. చూసేవాళ్లకు 'అబ్బ, ఎంత బుద్ధిమంతుడు' అనిపిస్తుంది కదా? ఇలాంటి పిల్లల గుండె వేగం కొలిచిన వేరే పరిశోధకులకు తేలిందేమిటంటే, పైకి అంత నిమ్మళంగా ఉన్నా లోపల గుండె గట్టిగానే కొట్టుకుంటోంది. ఏడ్చినా లాభం లేదని తెలిసిన పిల్లవాడు ఏడుపు దాచుకోవడం నేర్చుకుంటాడు, అంతే. మీరు కూడా అలా నేర్చుకుని ఉండొచ్చు. భార్య ఏడుస్తుంటే ఏమీ అనిపించని మనిషి కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటాడు గానీ బండి తీసుకుని పారిపోడు. కన్నీళ్లతో దుఃఖాన్ని కొలవడం మన ఊళ్లలో చావింటికి వచ్చిన చుట్టాలు చేసే పని, డాక్టర్లు చేసేది కాదు.

అమ్మ గురించి అడిగారు. పసివాడి బంధం తల్లి ఒక్కదానితోనే ఉండాలని లేదు. 1964లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లలను గమనించిన అధ్యయనంలో చాలామంది తండ్రితో, అవ్వాతాతలతో కూడా గట్టి బంధం పెంచుకున్నట్టు తేలింది. కాబట్టి మీ అవ్వను లెక్కలో నుంచి తీసేయకండి. పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కిన తల్లులు సరదాకు ఎక్కలేదని మీకు నేను చెప్పాలా? వానలు లేక, అప్పు తీరక పోయారు. అయినా మీకు బాధ కలిగింది, అదీ నిజమే. ఒకటి ఒప్పుకుంటే రెండోది అబద్ధం అయిపోదు. వీలైతే అమ్మను ఒకసారి అడగండి, నన్ను వదిలి పోయేటప్పుడు నీకెట్లుండేదని.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మీరు రాసిన తిట్టు. మీ షిఫ్టులో తోటి కుర్రాడు తండ్రి పోతే ఏడవలేదని మీతో చెప్పుకుంటే ఆ మాట వాడితో అంటారా? చాయ్ తాగించి భుజం మీద చెయ్యి వేస్తారు. ఆ మర్యాద మీకు మీరు ఇచ్చుకోవడాన్నే స్వీయ కరుణ అంటున్నారు. క్రిస్టిన్ నెఫ్ అనే సైకాలజిస్టు 2003లో దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారు చేశారు. ఇలా చేస్తే బద్ధకం వస్తుందని, తిట్టుకుంటేనే బాగుపడతామని మనవాళ్లకు గట్టి నమ్మకం, నేనది ఒప్పుకోను. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, కష్టమైన పరీక్షలో దెబ్బతిన్న విద్యార్థుల్లో తమ మీద తాము దయగా ఉన్నవాళ్లే తర్వాతి పరీక్షకు ఎక్కువసేపు చదివారు.

ఇప్పుడు చేయాల్సింది. ఈసారి మీ భార్య ఏడ్చినప్పుడు బయటికి పోవాలనిపిస్తే పోండి, కానీ చెప్పి పోండి: "నాకు ఇప్పుడు మాటలు రావట్లేదు, నీ మీద కోపం కాదు, పది నిమిషాల్లో వస్తా". పది అంటే పదే, గంట కాదు. వచ్చాక సలహాలు ఇవ్వకండి, పక్కన కూర్చుంటే చాలు. నాన్న గురించి నాలుగు రోజులు రోజూ ఓ 15 నిమిషాలు కాగితం మీద రాయండి, తప్పులు చూసుకోవద్దు, ఎవరికీ చూపించొద్దు, చించేసినా పర్వాలేదు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ కాలేజీ విద్యార్థులతో ఇలాగే రాయించారు, తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టర్ దగ్గరికి పోవడం తగ్గింది. రాసిన రోజు మాత్రం మనసు ఇంకా బరువెక్కొచ్చు, భయపడకండి. మరీ తట్టుకోలేకపోతే ఆపేయండి. నైట్ షిఫ్టు అయి వచ్చి నిద్ర లేకుండా రాయొద్దు.

దీనితో తేడా లేకపోతే మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. పోలేని రోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చావాలనే ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఆసుపత్రికి మీ భార్యను కూడా తీసుకెళ్లండి, ఇంట్లో ఏం జరుగుతోందో ఆమె చెప్పేది కూడా డాక్టర్ వినాలి.