ముత్తాతగారి జేబు గడియారాన్ని కరిగించవచ్చా?

ప్రశ్న: మా ముత్తాతగారి బంగారు జేబు గడియారం ఒకటి మా ఇంట్లో ఉంది. వెనుక మూత మీద సూర్యకిరణాల నడుమ ఐ.హెచ్.ఎస్. అక్షరాలు, వాటి పైన సిలువ, కింద మూడు మేకులు చెక్కి ఉన్నాయి. మూత లోపలి వైపు 18 అంకె, పక్కనే స్త్రీ తల ముద్ర కనిపిస్తున్నాయి. 1878లో గుండ్లకమ్మ ఏటిలో జరిగిన బాప్తిస్మాలప్పుడు ఒంగోలు మిషనరీ దొరగారు దీనిని ఇచ్చారని పెద్దలు చెప్పేవారు. ఇప్పుడది నడవడం లేదు. కరిగించి అమ్మాయి పెళ్లికి గొలుసు చేయిద్దామని మావారు అంటున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: దయచేసి కరిగించకండి. గడియారం చేతికి బరువుగా తగిలినా ఆ బరువంతా బంగారం కాదు. లోపలి యంత్రం ఇత్తడి, ఉక్కులతో చేసినది. 18 క్యారెట్లంటే నూటికి 75 పాళ్లే మేలిమి కనుక, నగలకు వాడే 916 బంగారంతో పోలిస్తే తరుగు పోను మీకు దక్కేది మీరు అనుకున్నంత ఉండదు. ఆ చెక్కడం మాత్రం మళ్లీ రాదు.

స్త్రీ తల ముద్ర స్విట్జర్లాండుకు ప్రతీక అయిన హెల్వేషియాది అయితే, అది ఆ దేశం 1880లో చేసిన చట్టం ప్రకారం 18 క్యారెట్ల బంగారు డొప్పలకు వేసిన ముద్ర. 14 క్యారెట్లకు ఉడుత బొమ్మ వేసేవారు. గుండ్లకమ్మ దగ్గర ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి మిషన్ ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినది 1878 జులై 3న. అప్పటికి ఈ ముద్రే లేదు కనుక, ఆనాటి కానుక ఇదేనని చెప్పడం కష్టం. ముత్తాతగారికి గడియారం ఆ తర్వాత ఎప్పుడో అందింది అనుకోవడానికి అడ్డేమీ లేదు.

బొమ్మ కూడా ఆలోచింపజేస్తుంది. ఐ.హెచ్.ఎస్. అనేవి గ్రీకులో యేసు నామానికి మొదటి మూడు అక్షరాలు. వాటిని కిరణాలతో, సిలువతో, మూడు మేకులతో కలిపి చెక్కడం కతోలిక గురువుల సంఘమైన జెస్యూట్ సభవారి చిహ్నం, కతోలిక భక్తులకు బాగా పరిచయమైనది. ఒంగోలు మిషన్ అమెరికన్ బాప్టిస్టులది. వారి ఆరాధనలో ఇటువంటి చిహ్నాలకు చోటు తక్కువ. అందువల్ల దీనిని తొలుత కతోలికులెవరికోసమో చేసి ఉంటారని నా అభిప్రాయం. అయినా చేతులు మారి దొరగారి దాకా వచ్చి ఉండవచ్చు కనుక, మీ పెద్దల మాటను నేను కొట్టివేయను. మూతలన్నీ తెరిపించి లోపల పేరో తేదీయో చెక్కి ఉందేమో భూతద్దంతో చూడండి. తేల్చి చెప్పగలిగినది అదే.

అంతవరకు కుంకుడు రసంతోనో పాలిష్ పొడితోనో రుద్దవద్దు. ప్రతి రుద్దుడుకూ ఆ కిరణాల సన్నని గీతలు అరిగిపోతాయి, ముద్రలు మాసిపోతాయి. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. నడుస్తుందేమోనని కీ కూడా ఇవ్వకండి. ఎండిపోయిన నూనెతో చక్రాలు తిరిగితే వాటి ఇరుసులు అరిగిపోతాయి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు. బంగారానికి తుప్పు పట్టకపోయినా లోపలి ఉక్కు స్ప్రింగులకు పడుతుంది. అందుకని తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో దాచండి. బాగు చేయించాలంటే పాత యంత్రాలు విప్పి, శుభ్రం చేసి, నూనె వేయడం తెలిసిన గడియారాల మెకానిక్‌కే ఇవ్వండి. ఇచ్చే ముందు ముద్రలకు, యంత్రం మీది నంబరుకు ఫొటోలు తీసి పెట్టుకోండి.

మీ అమ్మాయి పెళ్లయ్యాక విదేశానికి వెళ్లేటట్లయితే దీనిని వెంట పంపే ఆలోచన చేయకండి. నూరేళ్లు దాటిన ఇటువంటి కళాత్మక వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని సొంతంగా దేశం దాటించడం నిషిద్ధం. ఇంట్లో ఉంచుకోవడానికి మాత్రం ఆ నిషేధం అడ్డు కాదు.